ఓణీ కట్టిన పిల్ల, పంచె కట్టిన పిల్లాడు

"ఏడో తరగతి దాకా గలగలా మాట్లాడేది. పెద్దమనిషి అయినప్పటి నుంచి ఎందుకిలా ముడుచుకుపోయింది?"

"ఏం జరిగినా పరిగెత్తుకొచ్చి చెప్పేవాడు. ఇప్పుడు పలకరిస్తే కసురుకుంటాడు. ఏమైంది వీడికి?"

చిలకలూరిపేట నుంచి మార్టూరు, అద్దంకి మీదుగా దర్శి దాకా ఏ ఊళ్లోనైనా పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలున్న తల్లులు అడిగే ప్రశ్నలివి. పక్కింటివాళ్ల దగ్గర్నుంచి సాధారణంగా వచ్చే జవాబు "వయసు అలాంటిది" అనే. ఆ మాటలో సగం నిజముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల దాకా కౌమారం. ఆ ఏళ్లలో శరీరంలో హార్మోన్లు పెరుగుతాయి, మెదడు కొత్తగా సర్దుకుంటుంది, నిద్రవేళలు మారతాయి, కోపమూ దుఃఖమూ త్వరగా పొంగుతాయి. ఇవి ఆడపిల్లకూ మగపిల్లాడికీ ఇద్దరికీ జరిగేవే.

అలాంటప్పుడు ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిన్న అక్కాతమ్ముళ్లలో ఆ పిల్ల లోలోపల కుమిలిపోవడం, ఆ పిల్లాడు పైకి విరుచుకుపడటం ఎందుకు ఎక్కువగా చూస్తున్నాం? తక్కిన సగం జవాబు శరీరంలో దొరకదు. ఆ వయసులో మనం వాళ్ల చేతికిచ్చే పాత్రల్లో దొరుకుతుంది.

ఊరు నేర్పే పాఠం

పుట్టుకతో వచ్చేది శరీరం. "ఆడపిల్లంటే ఇలా ఉండాలి, మగపిల్లాడంటే అలా ఉండాలి" అని చుట్టూ ఉన్నవాళ్లు నేర్పేది పాత్ర. ఆ పాత్రలో ఎంత భాగాన్ని పిల్లలు "ఇదే నేను" అని మనసులోకి తీసుకున్నారో దాన్ని లింగపాత్ర గుర్తింపు అందాం. మనస్తత్వ శాస్త్రంలో యాభై ఏళ్లకు పైగా దీని మీద పని జరుగుతోంది.

గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల్లో ఈ పాఠానికి పుస్తకం అక్కర్లేదు. పొలమే నేర్పుతుంది. మిరప చేలో కాయ కోసేది ఆడవాళ్లు, మందు కొట్టేది మగవాళ్లు. పత్తి తీతకు వంగేది ఆడవాళ్లు, బోరాలెత్తి ట్రాక్టరులో వేసేది మగవాళ్లు. ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉంటారు, కూలి మాత్రం మగవాళ్లకే ఎక్కువ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతల కాలంలో ఆదివారం చేలోకి వెళ్లిన పద్నాలుగేళ్ల పిల్లను గమనించండి. సాయంత్రానికి వేళ్లు మిరప ఘాటుకు మండిపోతుంటాయి, చేయి కంటికి తగలకుండా చూసుకుంటుంది. ఇంటికి రాగానే ఆ చేతులతోనే అంట్లు తోమి, పొయ్యి మీద ఎసరు పెడుతుంది. అదే చేలో మధ్యాహ్నం దాకా నీళ్ల బిందెలు మోసిన తమ్ముడు బండి తీసుకుని సెంటర్‌కు పోతాడు. ఇది తప్పని ఆ ఇంట్లో ఎవరికీ తోచదు. ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే పిల్లలిద్దరూ ఒక పాఠం నేర్చుకున్నారు: ఆమె సమయం ఇంటిది, అతని సమయం అతనిది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి గుంటూరు మిరప కోతలకు వలసొచ్చే కుటుంబాల్లో ఈ పాఠం ఇంకా కఠినం. అమ్మానాన్నలు చేలో ఉంటే చంటిపిల్లల్ని చూసే భారం చాలాసార్లు పెద్దపిల్ల మీదే పడుతుంది. బడి ఆమెకే ముందు దూరమవుతుంది. ఇలాంటి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికే ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది.

ఇక వేడుకలు. ఆడపిల్లకు ఓణీల వేడుక, మగపిల్లాడికి పంచెల వేడుక. ఊరి మొదట్లో ఫ్లెక్సీ, షామియానా, భోజనాలు, మేనమామ తెచ్చిన బట్టలు. పిల్లలు ఆ రోజు నిజంగానే మురిసిపోతారు, ఆ మురిపెంలో తప్పేమీ లేదు. అయితే మర్నాటి నుంచి ఇద్దరికీ మాటలు మారిపోతాయి. ఆమెతో "పెద్దదానివయ్యావు, ఎగరబాక, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడబాక" అంటారు. అతనితో "మగపిల్లోడివి, ఏందిరా ఆ ఏడుపు?" అంటారు. ఆమెకు గడప దగ్గర గీత గీశారు, అతనికి కన్నీళ్ల దగ్గర గీశారు.

ఇది మన దగ్గరే ఉన్న సంగతి కాదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల మీద పలు దేశాల్లో చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. అందులో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. దేశం పేదదైనా సంపన్నమైనా కౌమారం మొదట్లోనే పిల్లలు ఒకే నమ్మకానికి వస్తున్నారని ఆ పరిశోధకులు గమనించారు: ఆడపిల్ల బలహీనురాలు, ఆమెను కాపాడాలి, మగపిల్లాడు బలవంతుడు, స్వతంత్రుడు. ఆ నమ్మకం వల్ల ఇద్దరికీ నష్టమేనని కూడా వాళ్లు చెప్పారు.

రెండు టిక్కీల లెక్క

మగతనం, ఆడతనం అనే గుణాలను కొలవొచ్చా? 1936లో అమెరికాలో లూయిస్ టెర్మన్, క్యాథరీన్ మైల్స్ ఒక పరీక్ష తయారుచేశారు. వాళ్ల కొలత త్రాసు లాంటిది. ఒక సిబ్బెలో మగతనం, రెండో సిబ్బెలో ఆడతనం. ఒకటి దిగితే రెండోది లేవాల్సిందే. ధైర్యమున్న పిల్ల ఆ లెక్కలో "మగరాయుడు", మెత్తని మనసున్న పిల్లాడు "ఆడంగి". మన ఊళ్లలో ఇప్పటికీ వినపడే ఈ రెండు వెక్కిరింతల వెనక ఉన్నది ఆ త్రాసు లెక్కే.

1974లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శాండ్రా బెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ లెక్కను మార్చేసింది. గుంటూరు మిర్చి యార్డుకు రైతు తెచ్చిన రెండు టిక్కీలను, అంటే మిరప బస్తాలను, దేనికది కాటా వేస్తారు. ఒకటి బరువు తూగితే రెండోది తేలికవదు. మనిషి గుణాలనూ అలాగే విడివిడిగా తూచాలని బెమ్ వాదన. ఆమె పరీక్షలో అరవై మాటలుంటాయి. వాటిలో ఇరవై, లోకం మగవాళ్లకు ఆపాదించే గుణాలు: సొంతంగా నిర్ణయించుకోవడం, తన మాట గట్టిగా చెప్పడం, సాహసించడం. ఇరవై ఆడవాళ్లకు ఆపాదించేవి: జాలి, ఆప్యాయత, ఎదుటివాళ్ల అవసరం కనిపెట్టడం. మిగతా ఇరవై ఎవరికైనా చెందేవి. ఒక్కో మాట తనకు ఎంతవరకు వర్తిస్తుందో ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేసుకోవాలి.

మొదటి టిక్కీలో ఉన్నవాటిని చొరవ గుణాలు అనీ, రెండోదానిలో ఉన్నవాటిని అక్కర గుణాలు అనీ పిలుద్దాం. అప్పుడు మనుషులు నాలుగు రకాలుగా తేలతారు. చొరవ ఎక్కువగా ఉండి అక్కర తక్కువగా ఉన్నవాళ్లు, అక్కర ఎక్కువగా ఉండి చొరవ తక్కువగా ఉన్నవాళ్లు, రెండూ తక్కువగా ఉన్నవాళ్లు, రెండూ నిండుగా ఉన్నవాళ్లు. ఈ చివరి రకాన్ని ఉభయగుణులు అందాం. అడుగు ముందుకు వేయాల్సిన చోట వేయగలరు, ఒకరి కన్నీళ్ల ముందు కూర్చోవాల్సిన చోట కూర్చోగలరు. మానసిక ఆరోగ్యం వీళ్లకే బాగుంటుందని బెమ్ ఊహించింది.

ఆ ఊహ పూర్తిగా నిలబడిందా? 1983లో బెర్నార్డ్ విట్లీ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశాడు. ఆత్మగౌరవంతో గట్టి సంబంధం కనిపించింది చొరవ గుణాలకే. ఆడవాళ్లలోనూ అంతే. ఇది పైపైన చదివితే "మగతనమే మేలు" అన్నట్టుంటుంది. నిదానంగా ఆలోచిస్తే వేరే సంగతి తెలుస్తుంది. తన జీవితం తన చేతిలో ఉందన్న నమ్మకం ఏ మనసుకైనా మందు లాంటిది. ఆ నమ్మకానికి మగతనం అని పేరుపెట్టి సగం మంది పిల్లలకు అందకుండా దాచిపెట్టింది లోకం. బెమ్ కూడా తర్వాతి రచనల్లో అసలు ఈ గుణాలకు ఆడ, మగ అనే ముద్ర వేయడమే మానాలనే వైపు మొగ్గింది.

అక్కర మాటేమిటి? అది మనుషుల్ని కలుపుతుంది, కష్టంలో తోడు తెస్తుంది. తనను తాను పూర్తిగా మరిచిపోయేంతగా పెరిగినప్పుడే అది కీడు చేస్తుందని విక్కీ హెల్గెసన్, హైడీ ఫ్రిట్జ్ చేసిన పరిశోధనలు తేల్చాయి. అందరికీ వడ్డించి అడుగున మిగిలింది తినే తల్లిని మనం దేవత అంటాం. ఆమెను చూసి పెరిగే కూతురు "నా ఆకలి లెక్కలోకి రాదు" అని నేర్చుకుంటుంది. ఈ హద్దులేని అక్కర ఉన్నవాళ్లలో దిగులు (డిప్రెషన్) ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. చొరవకూ ఇదే వర్తిస్తుంది. అక్కర తోడు లేని చొరవ పెత్తనంగా మారుతుంది.

ఆడపిల్ల మనసులో నెమరు

చిన్నతనంలో దిగులు విషయంలో ఆడ, మగ పిల్లల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండదు. రేచెల్ సాక్, జానెట్ హైడ్, లిన్ అబ్రమ్‌సన్ అనే పరిశోధకులు అనేక దేశాల సమాచారాన్ని కలిపి 2017లో ప్రచురించిన విశ్లేషణలో పన్నెండేళ్ల వయసుకే ఈ తేడా కనిపించింది. పదమూడు, పదిహేనేళ్ల మధ్య అది అన్నిటికన్నా ఎక్కువ. తర్వాత కొంత తగ్గి, పెద్దయ్యాక ఆడవాళ్లలో దాదాపు రెండింతల దగ్గర నిలుస్తుంది.

ఆ మూడేళ్లలో ఏం జరుగుతోంది? ఒకటి శరీరం. తోటివాళ్లకన్నా ముందే పెద్దమనిషి అయిన ఆడపిల్లలకు దిగులు ముప్పు ఎక్కువని చాలా దేశాల్లో తేలింది. మన ఊళ్లలో ఆ రోజు నుంచే ఆంక్షలు మొదలవుతాయి కాబట్టి పదకొండేళ్లకే అయిన పిల్లకు పదకొండేళ్లకే ఆట ఆగిపోతుంది.

రెండోది ఆలోచన తీరు. మనసుకు గాయమైనప్పుడు దాన్నే పదేపదే తిప్పుకుంటూ "నాకే ఎందుకిలా? నాలో ఏం లోపముంది?" అని కూర్చోవడాన్ని నెమరు ఆలోచన అందాం. సూసన్ నోలెన్-హోక్సెమా అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు దీన్ని పరిశీలించింది. ఆడవాళ్లలో ఇది ఎక్కువనీ, దిగుళ్లో తేడాకు ఇది ఒక కారణమనీ చూపింది. బయటికెళ్లి పరిగెత్తడానికీ, గొడవపడి తేల్చుకోవడానికీ, స్నేహితురాలి ఇంటికి పోయి మనసు విప్పడానికీ వీల్లేని పిల్లకు ఆలోచన తిరగడానికి తలలో తప్ప చోటేదీ?

మూడోది నిర్ణయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల వాళ్లలో 12.6 శాతం అప్పటికే తల్లులు లేదా గర్భిణులు. పది పాసైన పిల్ల ఇంటర్‌లో చేరుతుందా, సంబంధం చూస్తారా అన్నది ఆమె మార్కుల్ని బట్టి కాక మిర్చి ధరను బట్టి తేలే ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో పిల్ల చదువు మీద ఎంత శ్రద్ధ పెట్టినా ఫలితం తన చేతిలో లేదని గ్రహిస్తుంది. ఎంత ప్రయత్నించినా ఏదీ మారదని మనసు నమ్మడం దిగులుకు నేరుగా దారితీస్తుంది.

2002 నుంచి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపించిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో శ్రీకాకుళం నుంచి అనంతపురం, మహబూబ్‌నగర్ దాకా మూడు వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించింది. పిల్లలకు పన్నెండేళ్లు వచ్చేసరికి వాళ్లు ఎంతవరకు చదవాలన్న తల్లిదండ్రుల ఆశ కూతుళ్ల విషయంలో తక్కువగా ఉంది. పదిహేనేళ్లకు ఆ పిల్లల సొంత ఆశ కూడా అబ్బాయిల ఆశకన్నా కిందికి దిగింది. ముందు పెద్దవాళ్ల ఆశ తగ్గింది, తర్వాత పిల్లలది తగ్గింది. ఈ వరసను మర్చిపోవద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కౌమారంలో ఆడపిల్లలు మరింత "ఆడతనం" వైపూ, మగపిల్లలు "మగతనం" వైపూ జరుగుతారని 1983లో జాన్ హిల్, మేరీ ఎలెన్ లించ్ ప్రతిపాదించారు. హైడ్ బృందం అమెరికాలో పదకొండు నుంచి పదిహేనేళ్ల దాకా పిల్లల్ని కొలిచి 2009లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి జరుగుడు కనిపించలేదు. చొరవలో ఆడపిల్లలు మగపిల్లలకు తీసిపోలేదు. చొరవ ఎక్కువున్న పిల్లల్లో దిగులు తక్కువ. అంటే పిల్ల గుణం చచ్చిపోవడం లేదు. అవకాశం దొరికిన చోట అది అలాగే ఉంటుంది, దాన్ని బతకనిచ్చే చోటు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

మగపిల్లాడి మౌనం

మగపిల్లలు దీనివల్ల బాగుపడుతున్నారా అంటే అదీ లేదు. 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆడ, మగ పిల్లల మధ్య ఆ శాతంలో పెద్ద తేడా లేదు. బాధ ఇద్దరిలోనూ ఉంది, బయటపడే రూపమే వేరు. ఏడవకూడదన్న పిల్లాడిలో దుఃఖం చిరాకుగా, బడి ఎగ్గొట్టడంగా, బండి మీద వేగంగా, మందు సీసాగా బయటికొస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరు అనుకుంటారు.

మగతనపు నియమాలకూ మానసిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద జోయెల్ వాంగ్ బృందం 2017లో ప్రచురించిన విశ్లేషణలో 19,453 మంది సమాచారం ఉంది. అన్నిటికన్నా హాని చేసే నియమాలు మూడని తేలింది. ఎవరి సాయమూ తీసుకోకూడదనుకోవడం, ఆడవాళ్ల మీద అధికారం చూపాలనుకోవడం, ఎందరు ఆడవాళ్లతో తిరిగితే అంత మగాణ్ణనుకోవడం. ఈ నియమాలను గట్టిగా పాటించేవాళ్లకు మానసిక బాధ ఎక్కువ, సాయం అడగడం తక్కువ.

మన నల్లరేగడి నేలకు ఈ సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని తినేశాయి. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఆ మరణాలకు మూలం పంట, ధర, అప్పు. వాటిని పక్కనపెట్టి మనసు మీదికి నెట్టేయడం అన్యాయం. అయితే ఇంకో ప్రశ్న కూడా అడగాలి. అప్పు ఇంటిదైతే దాని బరువు ఒక్కడే ఎందుకు మోశాడు? ఎంత అప్పుందో భార్యకు కూడా చెప్పకపోవడం మగతనంగా ఎందుకు చెలామణీ అయింది? 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో పదింట ఏడుగురు మగవాళ్లేనని జాతీయ నేర గణాంక సంస్థ చెప్పింది.

ఆ మౌనాన్ని కొడుకు చూస్తూ పెరుగుతాడు. పది పూర్తవగానే "నువ్వు సెటిలైతేనే మన అప్పు తీరేది" అన్న మాటతో గుంటూరులోనో విజయవాడలోనో రెసిడెన్షియల్ కాలేజీలో దిగుతాడు. వారం వారం పరీక్షలు, గోడ మీద ర్యాంకులు. ఫోనులో అమ్మ "బాగున్నావా నాన్నా?" అంటే "బాగున్నా" అంటాడు. బాగాలేను అనడానికి అతనికి మాటలు లేక కాదు, అనుమతి లేదు. పదహారేళ్లకే అతను తండ్రి పాత్రలోకి దిగిపోయాడు.

ఈ రెండు పాత్రల్లో ఏదీ తనది కాదనిపించే పిల్లలూ ఉన్నారు. నడక, మాట, మనసు ఊరు గీసిన గీతకు సరిపోనందుకు బడిలో వెక్కిరింతలు, ఇంట్లో దెబ్బలు తింటారు. వాళ్ల గుర్తింపు జబ్బు కాదు, వాళ్లను కుంగదీసేది తిరస్కారం. మగ, ఆడ కాని మూడో గుర్తింపును రాజ్యాంగం కాపాడుతుందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. ఆ రక్షణ ముందు దొరకాల్సింది ఇంట్లో.

గీత చెరపడం ఎక్కడ మొదలవాలి

ఈ నమ్మకాలు తరతరాలవి, మారతాయా? హర్యానాలో దీన్ని పరీక్షించి చూశారు. దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ అనే ఆర్థికవేత్తలు 314 ప్రభుత్వ పాఠశాలల్లో అధ్యయనం చేశారు. కొన్ని బడుల్లో బ్రేక్‌త్రూ అనే స్వచ్ఛంద సంస్థ ఏడో తరగతి నుంచి మొదలుపెట్టి రెండున్నరేళ్ల పాటు పిల్లలతో ఆడ, మగ పాత్రల గురించి చర్చలు నడిపింది. ఉపన్యాసాలు కావు, ముప్పావుగంట మాట్లాడుకోవడం. ఆ బడుల్లో పిల్లల అభిప్రాయాలు సమానత్వం వైపు కదిలాయి, కార్యక్రమం అయిపోయిన రెండేళ్లకూ అలాగే నిలిచాయి. ఇంటిపని పంచుకోవడం లాంటి ప్రవర్తనలో మార్పు అబ్బాయిల్లో ఎక్కువగా కనిపించింది. అమ్మాయిల ఆలోచన మారినా, గడప దాటే అనుమతి వాళ్ల చేతిలో లేదు. కాబట్టి బడి ఒక్కటే చాలదు, తల్లిదండ్రులూ మారాలి.

ఇలా పాత్రలు మార్చే ప్రయత్నం మన నేలకు కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టి ఆడపిల్లలకు చదువూ చేతిపనీ నేర్పించారు. నూరేళ్ల కిందట వాళ్లు ఆడపిల్లలకు అందించింది చొరవే.

ఇంట్లో చేయాల్సింది చిన్న పనులతోనే మొదలవుతుంది. చొరవ అనేది చెబితే వచ్చేది కాదు, నిర్ణయాలు తీసుకుంటే వచ్చేది. ఏ గ్రూపు తీసుకోవాలో కూతుర్ని అడగండి, ఆమె చెప్పినదాన్ని నిజంగా లెక్కలోకి తీసుకోండి. బ్యాంకుకు, మార్కెట్ యార్డుకు, ఎరువుల కొట్టుకు ఆమెనూ తీసుకెళ్లండి. సాయంత్రం ఆటను పెద్దమనిషి అయిన రోజుతో ఆపేయకండి. అక్కర కూడా అంతే, చేస్తేనే వస్తుంది. కొడుకు చేత అన్నం వండించండి, జబ్బుపడ్డ నాయనమ్మ దగ్గర కూర్చోబెట్టండి. ఏడిస్తే ఏడవనివ్వండి. తండ్రి తన అప్పు గురించి ఇంట్లో అందరి ముందూ నోరు విప్పితే, కష్టం చెప్పుకోవచ్చని కొడుకుకు అంతకన్నా బాగా ఎవరూ నేర్పలేరు.

గుర్తులు కనిపెట్టడం కూడా నేర్చుకోవాలి. రెండు వారాలకు మించి నిద్ర, తిండి చెడిపోవడం, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, మార్కులు ఉన్నట్టుండి పడిపోవడం, చావు మాటలెత్తడం. వీటిలో ఏది కనిపించినా "వయసు అలాంటిది" అని వదిలేయకూడదు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో మానసిక ఆరోగ్యం ఒక ముఖ్యాంశం. ఆశా కార్యకర్తనూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్నూ దీని గురించి అడగొచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ఫోను నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చావు మాట వినపడితే పిల్లను గానీ పిల్లాణ్ణి గానీ ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చొరవ, అక్కర రెండూ మనిషి గుణాలు. వాటిలో ఒకటి కూతురి నుంచీ, ఇంకొకటి కొడుకు నుంచీ లాక్కుని, తర్వాత ఇద్దరూ ఎందుకు కుంగిపోయారని అడుగుతున్నాం. వయసు తెచ్చే కల్లోలాన్ని మనం ఆపలేం. మనం గీసిన గీతను మాత్రం మనమే చెరపగలం, అదీ పిల్లలకు పదేళ్లు నిండకముందే మొదలుపెట్టాలి.